బంజారాహిల్స్ పాఠం ఢిల్లీ దాకా ఎందుకు వెళ్లలేదు?

2022 జనవరి 22, 23 తేదీలు శని, ఆదివారాలు. బంజారాహిల్స్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి ఆ సెలవుల్లో సైబర్ దాడిలో 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయాయి. డబ్బు ముందు అదే బ్యాంకులోని కొన్ని ఖాతాల్లోకి వెళ్లింది. అక్కడి నుంచి వేరే బ్యాంకుల్లో ఉన్న వందకు పైగా ఖాతాల్లోకి, వాటి నుంచి ఇంకొన్ని వందల ఖాతాల్లోకి పాకి, దేశంలో ఎక్కడెక్కడో ఏటీఎంల నుంచి నోట్ల రూపంలో బయటికి వచ్చేసింది. సోమవారం ఫిర్యాదు అందే సమయానికి అందులో చాలా భాగం చేతులు మారిపోయింది.

ఈ సంగతులు మనకు తెలిశాయంటే, అప్పటి నగర పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ దర్యాప్తు వివరాలను విలేకరుల ముందు పూసగుచ్చినట్టు చెప్పడం వల్లే. 2021 నవంబరులోనే బ్యాంకు సిబ్బందికి రెండు వందలకు పైగా ఫిషింగ్ మెయిల్స్, అంటే నమ్మించి తెరిపించే దొంగ మెయిల్స్, వచ్చాయి. కొందరు వాటిని తెరిచారు. తెరిచిన కంప్యూటర్లలో, దూరం నుంచి నడిపించగల ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రాం చేరింది. దొంగలు లోపల చేరి, ఎవరెవరికి ఏ అధికారాలున్నాయో తాపీగా గమనించారు. ప్రధాన కార్యాలయం, బ్రాంచీలు విడదీయని ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి ఒక టేబుల్ మీది కంప్యూటర్ నుంచి అసలు సర్వర్ దాకా దారి దొరికింది. ఏ మార్పైనా చేయగల సూపర్ యూజర్ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయి. చొరబాటును పసిగట్టి ఆపే ఏర్పాట్లు సరిగా లేవు. 2023లో రిజర్వ్ బ్యాంకు సైబర్ భద్రతలో లోపాలకు ఈ బ్యాంకు మీద 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఈ కేసును మాలాంటి వాళ్లం చాలాకాలం చర్చించుకున్నాం. చిన్న సంస్థల కంప్యూటర్ వ్యవస్థలు చూసుకోవడం నా పని. సహకార సంఘాలు, నర్సింగ్ హోములు, కాలేజీలు, అప్పుడప్పుడూ ఒక ప్రభుత్వ కార్యాలయం. మహేశ్ బ్యాంకు సంగతి పత్రికల్లో వచ్చాక నేను వెళ్లే చోట్ల మేనేజర్లు మొదటిసారి వాళ్లంతట వాళ్లే అడిగారు: "మన దగ్గర సూపర్ యూజర్లు ఎంతమంది ఉన్నారు?" అంతకుముందు ఆ ప్రశ్న నేను లేవనెత్తితే టీ తెప్పించి మాట మార్చేవాళ్లు. ఏ సర్క్యులర్‌కూ రాని కదలిక, పక్క వీధిలో జరిగిన దాని వివరం తెలిస్తే వచ్చింది.

2022లోనే, నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే రకం దాడి అది. అయిదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటా తాళం పడిపోయింది. దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రిలో రెండు వారాల పాటు ఓపీ చీట్లు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. కారణం ఏమిటని పార్లమెంటులో అడిగితే, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం అని ప్రభుత్వం జవాబిచ్చింది.

జనవరిలో హైదరాబాద్‌లో బయటపడ్డ లోపమే నవంబరులో ఢిల్లీలో కాటేసింది. ఇంకా బాధాకరమైన సంగతి మరొకటి ఉంది. ఈ రెండింటికీ ముందే, 2021 మే 14న ఐర్లాండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ మీద ఇలాంటి దాడే జరిగింది. వాళ్లు బయటి సంస్థతో విచారణ చేయించి, ఆ నివేదికను అదే ఏడాది డిసెంబరులో ఎవరైనా చదువుకునేలా విడుదల చేశారు. మార్చి 18న ఒక ఉద్యోగి మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరవడం, మార్చి 31న ఆ కంప్యూటర్‌లోని యాంటీవైరస్ ప్రమాదాన్ని గుర్తించడం, కానీ దాన్ని గమనించడానికి మాత్రమే సెట్ చేసి ఉంచడం వల్ల అది అడ్డుకోకపోవడం, ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోకపోవడం, ఆసుపత్రులన్నీ గోడలు లేని ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం, భద్రతకు జవాబుదారీగా ఒక పెద్ద అధికారి అంటూ లేకపోవడం... అన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. ఒక దేశ ప్రభుత్వం తన పరువు పక్కన పెట్టి రాయించుకున్న నివేదిక అది.

నెట్‌వర్క్ విభజన అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక నర్సింగ్ హోమ్‌లో రిసెప్షన్ కంప్యూటర్, అకౌంట్స్ కంప్యూటర్, ఎక్స్‌రే మెషీన్, సీసీ కెమెరాల రికార్డర్, రోగుల బంధువులకిచ్చే వైఫై, అసలు సర్వర్ అన్నీ ఒకే స్విచ్‌కు తగిలించి ఉంటాయి. దేనికి దేనితో పనుందో చూసి వేరు చేస్తే రిసెప్షన్‌లో చేరిన పురుగు రిసెప్షన్ దగ్గరే ఆగుతుంది. చాలాచోట్ల ఇప్పటికే ఉన్న స్విచ్, రౌటర్‌తోనే ఇది చేయొచ్చు. కావాల్సింది ఒకటి రెండు రాత్రుల పని, చేయాలన్న పట్టుదల.

నా వాదన సూటిగా చెప్తాను. జనం డబ్బు, జనం వివరాలు చేతిలో ఉన్న ప్రతి సంస్థా దాడి జరిగిన కొన్ని నెలల్లోపు అసలేం జరిగిందో రాసి బయటపెట్టాలి. ప్రభుత్వ సంస్థలైతే తప్పనిసరిగా పెట్టాలి. కొత్త ఫైర్‌వాల్ కన్నా, ఇంకో వెబినార్ కన్నా, గోడ మీద అంటించే పోస్టర్ కన్నా ముందు మనకు కావాల్సింది ఇదే. దాచడం వల్ల ఒకే లోపంతో వేర్వేరు చోట్ల వేర్వేరు జనం మళ్లీ మళ్లీ నష్టపోతున్నారు.

దాచడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు చెప్పలేను, ఒప్పందంలో గోప్యత షరతు ఉంది. ఒక రాత్రి సర్వర్‌లోని ఫైళ్లన్నీ లాక్ అయ్యాయి. బ్యాకప్ ఉంది కదా అంటే, ఆ హార్డ్ డిస్క్ ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉండటంతో దానికీ తాళం పడింది. తెల్లారి జరిగిన మొదటి మీటింగ్‌లో సగం సమయం బయట ఏం చెప్పాలన్న దాని మీదే గడిచింది. చివరికి బిల్లింగ్ కౌంటర్ దగ్గర "సిస్టమ్ అప్‌గ్రేడ్ జరుగుతున్నందున అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని కాగితం అంటించారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి తండ్రిని తీసుకొచ్చిన ఒకాయన పాత రిపోర్టుల కోసం ఆ కాగితం ముందే మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. అప్‌గ్రేడ్ ఎప్పుడైపోతుందని అడుగుతూనే ఉన్నాడు. చివరికి పరీక్షలన్నీ మళ్లీ చేయించారు. ఆ డబ్బు ఎవరు పెట్టుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. నిజం చెప్పి ఉంటే ఆయన వేరే ల్యాబ్ నుంచో, తన ఊరి డాక్టర్ దగ్గర నుంచో కాపీలు తెప్పించుకునే ప్రయత్నమైనా చేసేవాడు.

ఆ సాయంత్రం రికార్డ్ రూమ్‌లో పనిచేసే కుర్రాడు నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. "అన్నా, పది పదిహేను రోజుల కింద నా సిస్టమ్ల మౌస్ దానంతటదే కదిలింది. మస్తు భయమైంది. ఎవరికి చెప్పలే. చెప్తే నువ్వే ఏదో చేసినవ్ అంటరు, నౌకరి పోతది. నా పేరు రానియ్యకన్నా" అన్నాడు. నేను రానివ్వలేదు. ఆ పిల్లాడిది తప్పనుకోను. మౌస్ కదిలిన రోజునే అతను ఫోన్ చేసి చెప్పగలిగే వాతావరణం అక్కడ ఉండి ఉంటే, ఆ ఒక్క కంప్యూటర్ వైరు పీకేస్తే సరిపోయేది. ఐర్లాండ్‌లో ఎనిమిది వారాలు, మహేశ్ బ్యాంకులో రెండు నెలలు, ఇక్కడ రెండు వారాలు. దొంగ లోపలికొచ్చిన రోజుకూ దోచిన రోజుకూ మధ్య ఎడం ఉంటోంది. ఆ ఎడంలోనే సంస్థను కాపాడుకోగలం. ఆ సమయంలో మొదట తేడా కనిపించేది కింది స్థాయి ఉద్యోగికే. ఆ ఉద్యోగి నోరు విప్పాలంటే భయం ఉండకూడదు.

కానీ మన దగ్గర దాడి జరిగిన మర్నాడే "మెయిల్ ఎవడు తెరిచాడు?" అన్న వెతుకులాట మొదలవుతుంది. రోజుకు వందల మెయిల్స్ తెరిచి జవాబివ్వడమే ఉద్యోగమైన మనిషి ఏదో ఒక రోజు తప్పుడు మెయిల్ తెరుస్తాడు. ఇన్‌వాయిస్ పేరుతో, జీఎస్టీ నోటీసు పేరుతో, పైఅధికారి పేరుతో వస్తుంటే తెరవక ఏం చేస్తాడు? ఒక క్లర్క్ ఒక్క క్లిక్‌తో సంస్థ మొత్తం కూలిపోయిందంటే తప్పు ఆ కట్టడం కట్టిన వాళ్లది. మెమో ఇవ్వాల్సింది ఎవరికో అక్కడ ఆలోచించాలి.

ఆ ఆసుపత్రిలో ఒప్పందం ప్రకారం ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కొన్ని నెలలకు దాదాపు అంతే సైజున్న ఇంకో ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే అదే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెండర్, దూరం నుంచి సర్వర్‌లోకి వచ్చే అదే దారి (రిమోట్ యాక్సెస్), అదే పాస్‌వర్డ్. మొదటి చోట జరిగింది ఒక పేజీలో రాసి నలుగురికీ పంపి ఉంటే రెండో చోట జరిగేది కాదు. ఈ మాట నేను ఊహించి అనడం లేదు, ఆ రెండు సర్వర్ల లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో నమోదయ్యే రికార్డులు, పక్కపక్కన పెట్టి చూసి అంటున్నాను.

ఈ వెండర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నగరంలో చిన్న సంస్థల కంప్యూటర్ వ్యవస్థలన్నీ నిలబడేది వాళ్ల మీదే. హార్డ్‌వేర్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి వస్తుంది. సాఫ్ట్‌వేర్ అమీర్‌పేట్‌లోనో ఎస్సార్ నగర్‌లోనో రెండు గదుల ఆఫీసు నుంచి వస్తుంది. ఏడాది నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) కింద ఒక కుర్రాడు పొద్దున దిల్‌సుఖ్‌నగర్, మధ్యాహ్నం కూకట్‌పల్లి తిరుగుతుంటాడు. అన్ని చోట్లకీ వెళ్లలేక ప్రతి క్లయింట్ సర్వర్‌లోనూ దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ పెట్టి, గుర్తుండేలా అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెడతాడు. లేదంటే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచేస్తాడు. ఉద్యోగం మానేసి వెళ్లినా ఆ పాస్‌వర్డ్ మారదు. వాళ్లను తిట్టాలని నాకు లేదు. మనమిచ్చే ఏఎంసీ డబ్బులకు అంతకన్నా జాగ్రత్త ఆశించడం న్యాయం కాదు. కానీ ఆ తలుపు తెరిచి ఉందని సంస్థ యజమానికి తెలియదు, అడగాలనీ తెలియదు.

ఇది మన బీదరికం వల్ల వచ్చిన సమస్య అనుకోవద్దు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబరులో దాడి జరిగింది. బయటి కాంట్రాక్టర్లు దూరం నుంచి పనిచేసేందుకు పెట్టిన ఒక సర్వర్‌కు రెండో అంచె ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటిది, లేదు. దొంగలు ఆ దారినే వచ్చి ఉంటారని వాళ్ల అంచనా. దొంగలు అడిగిన డబ్బు లైబ్రరీ ఇవ్వలేదు. దాదాపు 600 గిగాబైట్ల డేటా బయట పెట్టేశారు. కేటలాగ్ సహా సేవలు నెలల తరబడి ఆగాయి. అయినా 2024 మార్చిలో ఆ సంస్థ పద్దెనిమిది పేజీల నివేదిక రాసి, ఎక్కడ తప్పు జరిగింది, ఏం నేర్చుకున్నాం అన్నది ఎవరి మీదా నెట్టకుండా ప్రచురించింది. నేను పనిచేసే చోట్ల వెండర్ల రిమోట్ యాక్సెస్ గురించి మాట్లాడాల్సి వస్తే ఆ నివేదికే ప్రింట్ తీసి ముందు పెడతాను. మన ఊళ్లో జరిగిన వాటి గురించి చెప్పడానికి లండన్ కాగితం వాడాల్సి వస్తోంది.

చిన్న సంస్థలే కదా, పోతే ఎంత పోతుంది అనే వాళ్లున్నారు. 2024 జులై చివర్లో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ముందు జాగ్రత్తగా చెల్లింపుల వ్యవస్థ నుంచి దాన్ని వేరు చేస్తే దేశంలో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారుల యూపీఐ, ఏటీఎం సేవలు ఆగిపోయాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఈ నగరాన్ని ముంచినప్పుడూ అంతే. ఎగువన గొలుసుకట్టు చెరువులు ఒకటి తెగి ఇంకోదాని మీద పడి, ఆ నీరంతా కలిసి అఫ్జల్‌గంజ్ మీదికి వచ్చింది. ఏ ఒక్క చెరువూ తనంతట తాను నగరాన్ని ముంచేంత పెద్దది కాదు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వాన లెక్కలు, తెగిన చెరువుల లెక్కలు తీసి, కారణాలు, చేయాల్సిన పనులు కాగితం మీద పెట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయంటే ఆ కాగితం వల్లే. కారణం రాసుకోకుండా, చచ్చిన వాళ్లకు సంతాపం చెప్పి ఊరుకుని ఉంటే మనకు ఆ రెండు చెరువులూ ఉండేవి కావు.

ప్రభుత్వ సంస్థల విషయంలో నా పట్టు మరింత గట్టిది. బ్యాంకు నచ్చకపోతే ఖాతా మార్చుకోవచ్చు, ఆసుపత్రి నచ్చకపోతే ఇంకోచోటికి వెళ్లొచ్చు. కరెంటు కంపెనీని మార్చుకోలేం. భూమి రికార్డు వేరే ఆఫీసులో పెట్టుకోలేం. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. 2019లో రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌తో ఆగిపోయాయి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ నుంచి పౌరుల వివరాలు బయటికి పోయి ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆపదలో ఉన్నామని చెప్పుకోవడానికి మహిళలు ఫోన్‌లో పెట్టుకున్న యాప్ అది. తెలంగాణ పోలీసు విభాగమైన సైబర్ సెక్యూరిటీ బ్యూరో కొద్ది రోజుల్లోనే ఒక విద్యార్థిని ఢిల్లీ దగ్గర పట్టుకుంది. ఆ వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ అరెస్టు వార్తకు దక్కిన చోటులో పదో వంతు కూడా లోపం ఎక్కడన్న ప్రశ్నకు దక్కలేదు. పట్టుబడిన కుర్రాడు జైలుకు వెళ్తాడు సరే, అదే రకం లోపం ఇంకో శాఖ యాప్‌లో ఉంటే ఆ శాఖకు ఎలా తెలియాలి?

సైబర్ నేరం అనగానే నగరంలో మాటలన్నీ ఓటీపీ, డిజిటల్ అరెస్ట్ చుట్టూనే తిరుగుతాయి. కొన్నాళ్లు ఫోన్ చేస్తే కాలర్ ట్యూన్‌లో హెచ్చరిక వచ్చేది, సిగ్నల్స్ దగ్గర హోర్డింగులు. అవి అవసరమే, కాదనను. కానీ మోసగాడు మన పేరు, చిరునామా, పాలసీ వివరాలు చెప్పి మరీ నమ్మిస్తున్నాడంటే అవి ఎక్కడో ఒక సంస్థ నుంచే జారిపోయి ఉంటాయి. రిటైరైన టీచరమ్మకు జాగ్రత్తగా ఉండండమ్మా అని చెప్తున్నాం, ఆమె వివరాలు కాపాడాల్సిన సంస్థను మాత్రం ఎవరూ నిలదీయడం లేదు. భారమంతా ఆవిడ మీద వేయడం అన్యాయం.

చట్టం లేదా అంటే ఉంది. సైబర్ దాడి తెలిసిన ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి. కానీ ఆ సమాచారం లోపలికే వెళ్తుంది, జనానికి చెప్పాలన్న షరతు అందులో లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. డేటా పోతే ఎవరి డేటా పోయిందో వాళ్లకు చెప్పాలి, ఆ చట్టం కింద ఏర్పడే డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో వివరాలివ్వాలి, రక్షణ చర్యల్లో విఫలమైతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. ప్రభుత్వ సంస్థల్లో కొన్నిటికి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. ఇదంతా పెద్ద ముందడుగే. అయినా నష్టపోయిన మనిషికి సమాచారం అందుతుంది కానీ, పక్క సంస్థకు పాఠం అందదు.

బయటపెడితే దొంగలకు దారి చూపినట్టు అవుతుందన్నది నేను ఎక్కువగా వినే అభ్యంతరం. ఆ దారి దొంగకు ముందే తెలుసు, అతను వచ్చిందే ఆ దారిన. తెలియనిది మిగతా సంస్థలకే. లోపం పూడ్చకముందే చెప్పమని నేనూ అనను. ముందు పూడ్చాలి, తర్వాత చెప్పాలి. సర్వర్ల చిరునామాలు, వాడే పరికరాల మోడళ్లు రాయనక్కర్లేదు.

రెండో అభ్యంతరం పరువు. బ్యాంకు మీద దాడి జరిగిందని తెలిస్తే డిపాజిటర్లు క్యూ కడతారన్న భయం ఉత్తిది కాదు, దాన్ని తేలిగ్గా తీసేయను. అయితే మన నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2020 అక్టోబరు 22న మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ మీద దాడి జరిగింది. రష్యా టీకా స్పుత్నిక్ పరీక్షలకు అనుమతి వచ్చిన కొద్ది రోజులకే అది. కంపెనీ ఆ రోజే స్టాక్ ఎక్స్చేంజీకి తెలిపింది, డేటా సెంటర్ సేవలను విడదీశామని చెప్పింది, తర్వాత అది రాన్సమ్‌వేర్ అని ధ్రువీకరించింది. ఆ తర్వాత కంపెనీ ఏమీ కుప్పకూలలేదు. షేర్లు కొన్నవాళ్లకు వెంటనే తెలియాలని నిబంధన ఉన్నప్పుడు, కరెంటు బిల్లు కట్టేవాళ్లకు, ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు రాయించుకున్నవాళ్లకు ఆరు నెలలకైనా ఎందుకు తెలియకూడదు? ఈ ప్రశ్నకు సరైన సమాధానం నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

లోపాలను ముందే చూసి చెప్పే పిల్లల గురించి కూడా ఆలోచించాలి. ఘట్‌కేసర్ వైపు, ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో చురుకైన పిల్లలున్నారు. ఏ శాఖ వెబ్‌సైట్‌లోనో హాల్‌టికెట్ నంబరు మారిస్తే ఇంకొకరి వివరాలు కనిపిస్తున్నాయని వాళ్లకు తెలుస్తుంది. చెప్పరు. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద అనుమతి లేకుండా చూడటమే నేరమవుతుందని సీనియర్లు భయపెడతారు. ఆ భయం నిరాధారమైనది కాదు. సెర్ట్-ఇన్ ఇలాంటి సమాచారం తీసుకుంటుంది, అది మంచి మార్గం. కానీ రాష్ట్ర ప్రభుత్వం తన వెబ్‌సైట్ల విషయంలో ఒక్క మాట రాతపూర్వకంగా ఇవ్వాలి: డేటా కాపీ చేసుకోకుండా, ఎవరికీ అమ్మకుండా, మాకు మాత్రమే తెలియజేసిన వాళ్ల మీద కేసు పెట్టం. దీనికి రూపాయి ఖర్చు లేదు.

నివేదికలో ఏముండాలని అడుగుతున్నారా? మొదటి చొరబాటు ఏ రోజు, ఏ దారిన జరిగింది. మనకు ఏ రోజు తెలిసింది, ఎవరు గుర్తించారు. మధ్యలో వచ్చిన హెచ్చరికలేమిటి, వాటిని ఎవరు చూడాల్సింది. బ్యాకప్ పనిచేసిందా, ఎన్ని రోజుల్లో కోలుకున్నాం. ఎవరి వివరాలు పోయాయి, వాళ్లకు చెప్పామా. ఏం మార్చాం, ఏం ఇంకా మార్చలేదు. ఉద్యోగుల పేర్లు ఉండకూడదు, హోదాలు చాలు. తెలుగులోనూ ఉండాలి, ఎందుకంటే చదవాల్సింది మండల స్థాయి ఆపరేటర్, సహకార సంఘం కార్యదర్శి. అయిదారు పేజీలు మించనక్కర్లేదు. తెలంగాణలో వీటన్నిటినీ ఒకచోట పెట్టే బాధ్యత సైబర్ సెక్యూరిటీ బ్యూరో తీసుకుంటే బాగుంటుంది. వాళ్లకు దర్యాప్తు నైపుణ్యం ఉంది, శాఖలు వాళ్ల మాట వింటాయి.

అంతవరకూ ఆగాల్సిన పని మనకు లేదు. సహకార బ్యాంకులో, సంఘంలో వాటా ఉన్నవాళ్లు నగరంలో ఎంతోమంది. ఏటా సెప్టెంబరు లోపు సర్వసభ్య సమావేశాలు జరుగుతాయి. చాలామంది డివిడెండ్ ఎంతో విని, భోజనం చేసి వచ్చేస్తారు. ఈసారి చేయెత్తి మైక్ అడగండి. సూపర్ యూజర్ ఖాతాలు ఎన్ని ఉన్నాయి, అవి ఎవరి చేతిలో ఉన్నాయి? బ్యాకప్ నుంచి చివరిసారి డేటా తిరిగి తెచ్చి చూసింది ఎప్పుడు? సాఫ్ట్‌వేర్ వెండర్ లోపలికి రావాలంటే ప్రతిసారీ మీ అనుమతి అడుగుతాడా? గత మూడేళ్లలో ఏదైనా దాడి జరిగిందా, జరిగితే దాని కాగితం ఎక్కడుంది? వచ్చిన జవాబులను మినిట్స్‌లో రాయించండి. మర్నాడు ఆ మినిట్స్ కాపీ అడిగి తీసుకోండి.